దూర నోడ్‌ల నుంచి ట్రేస్ సేకరణ: ఎప్పుడు, ఎవరి ఖర్చున

సమాంతర గణనలో ఒకే లెక్కను వందలాది, వేలాది కంప్యూటర్లు పంచుకొని చేస్తాయి. ఆ సముదాయంలోని ఒక్కొక్క కంప్యూటర్‌ను నోడ్ అనీ, నోడ్‌లలో నడుస్తున్న ప్రోగ్రామ్ ప్రతులను ప్రాసెస్‌లనీ పిలుస్తారు. ఏ ప్రాసెస్ ఏ క్షణాన ఏ ఫంక్షన్‌లోకి వెళ్ళింది, ఎవరికి ఎన్ని బైట్ల సందేశం పంపింది, ఎవరి జవాబు కోసం ఎంతసేపు ఆగింది అన్న సంగతులను సమయంతో సహా వరుసగా నమోదు చేసిన చిట్టాయే ట్రేస్. దీనికి దగ్గరి చుట్టమైన ప్రొఫైల్ మొత్తాలను మాత్రమే చెబుతుంది. అంటే ఫలానా ఫంక్షన్‌లో మొత్తం నలభై సెకన్లు గడిచాయని చెప్పగలదు గాని, ఆ నలభై సెకన్లు ఒక్కసారిగా పోయాయా, వెయ్యి ముక్కలుగా పోయాయా, ఎవరి ఆలస్యం ఎవరికి అంటుకుంది అన్నది ట్రేస్‌కే తెలుస్తుంది. అయితే ట్రేస్ పుట్టేది దూర నోడ్‌ల మెమరీలో, దాన్ని చదివే మనిషి ఉండేది మరెక్కడో. ఈ రెంటి మధ్య దూరాన్ని దాటించడం గురించి మూడున్నర దశాబ్దాలుగా వచ్చిన సాహిత్యంలో ఎక్కువ భాగం దీన్ని పరిమాణ సమస్యగా చూసింది. పరిమాణం పెద్దదే, సందేహం లేదు; కాని వచ్చిన పరిష్కారాలను వరుసగా పరిశీలిస్తే వాటిని విడదీసే అసలు గీత, ట్రేస్‌ను ఎప్పుడు తేవాలి, తెచ్చే ఖర్చు ఎవరి ఖాతాలో పడాలి అన్న ప్రశ్న దగ్గర కనిపిస్తుంది.

పరిమాణం సంగతి ఒక చిన్న లెక్కతో తేలిపోతుంది. ఒక ఘటన నమోదుకు 24 బైట్లు పడతాయనీ, ఒక ప్రాసెస్ సెకనుకు 10,000 ఘటనలు నమోదు చేస్తుందనీ అనుకుంటే సెకనుకు 2,40,000 బైట్లు తయారవుతాయి. పదివేల ప్రాసెస్‌లు ఉంటే సెకనుకు 2.4 గిగాబైట్లు, గంటకు సుమారు 8.6 టెరాబైట్లు. ఇంత తెచ్చిన తరువాత విశ్లేషకుడు వెతికేది తరచుగా ఒకే ఒక్క ఆలస్యపు ప్రాసెస్‌ను కాబట్టి, కొండను తవ్వి ఎలుకను పట్టడమనే సామెత ఈ రంగానికి అతికినట్టు సరిపోతుంది.

తొలి యంత్రాల్లో ఈ ఇబ్బంది పరిమాణం కన్నా దారి రూపంలో ఎదురైంది. 1991లో పుణెలోని సీడాక్ రూపొందించిన పరమ్ 8000 ట్రాన్స్‌ప్యూటర్ అనే చిప్‌లతో నిర్మితమైంది. ఒక్కొక్క ట్రాన్స్‌ప్యూటర్‌కు పొరుగువారితో మాట్లాడే లంకెలు నాలుగే ఉండేవి. అలాంటి అల్లికలో లోపలి నోడ్‌లో పుట్టిన సమాచారం బయటి హోస్ట్ కంప్యూటర్‌కు చేరాలంటే మధ్యనున్న నోడ్‌ల గుండా, ప్రోగ్రామ్ సందేశాలు నడిచే లంకెల మీదుగానే ప్రయాణించాలి. హైదరాబాద్‌లోని రక్షణ పరిశోధన ప్రయోగశాల అనురాగ్ వాయుగతిక గణనల కోసం నిర్మించిన పేస్ యంత్రం, ఇంటెల్ సంస్థ ఐపీఎస్‌సీ శ్రేణి యంత్రాలు కూడా సందేశాలు పంపుకొనే ఈ కుటుంబానికి చెందినవే. పరిశీలన కోసం పంపే సందేశమే పరిశీలించవలసిన రద్దీని పెంచే పరిస్థితి ఇది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలలో 1990 ప్రాంతంలో తయారైన పికిల్ అనే సాఫ్ట్‌వేర్ లైబ్రరీ దీనికి ఎంచుకున్న మార్గం సరళమైనది: ప్రతి నోడ్ తన మెమరీలో కొంత చోటును ట్రేస్‌కు కేటాయించుకుంటుంది, లెక్క నడుస్తున్నంతసేపూ అందులోనే రాసుకుంటుంది, లెక్క ముగిశాక హోస్ట్‌కు అప్పగిస్తుంది. ఆ ట్రేస్‌ను తెర మీద బొమ్మలుగా చూపించే పారాగ్రాఫ్ అనే సాధనం దానికి జోడీగా నిలిచింది. పూర్వం గ్రామ కరణాలు ఏడాది పొడవునా ఊళ్ళో లెక్కలు రాసుకొని, జమాబందీ నాటికి ఆ దఫ్తరాలను పై అధికారి ముందు పెట్టిన పద్ధతికి ఇది సరిగ్గా సాటి. ఏడాది మధ్యలో ఊరి పనికి అడ్డు ఉండదు. కాని ఈలోగా దఫ్తరం చెదలు పడితే చేయగలిగిందీ ఏమీ ఉండదు.

1994లో సందేశ ప్రసారానికి ఎంపీఐ ప్రమాణం వెలువడినప్పుడు అందులోనే ఒక ప్రొఫైలింగ్ ఏర్పాటును చేర్చడం ఈ చరిత్రలో పెద్ద మలుపు. ప్రతి ఎంపీఐ ఫంక్షన్‌కూ మరో పేరు కూడా ఉండాలని ఆ ప్రమాణం నిర్దేశించడం వల్ల, సాధన నిర్మాతలు అసలు పేరుతో తమ తొడుగు ఫంక్షన్‌ను పెట్టి, అందులో సమయాన్ని నమోదు చేసి, రెండో పేరుతో అసలు ఫంక్షన్‌ను పిలవగలిగారు. ప్రోగ్రామ్ మూలాన్ని ముట్టుకోకుండానే ట్రేస్ పుట్టింది. అమెరికాలోని ఆర్గాన్ ప్రయోగశాల వారి ఎంపీఈ, జర్మనీలోని యూలిష్‌లో పుట్టి డ్రెస్డెన్‌లో పెరిగిన వాంపిర్, బార్సిలోనా వారి పారావెర్, ఒరెగాన్ విశ్వవిద్యాలయం వారి టావ్ ఈ వెసులుబాటును వాడుకున్నవే. ఎంపీఈ పద్ధతిలో ప్రోగ్రామ్ చివరన ఎంపీఐ ఫైనలైజ్ పిలుపు వచ్చినప్పుడు ప్రాసెస్‌లు చెట్టు ఆకారంలో జతకూడి, తమ ట్రేస్‌లను సమయక్రమంలో కలుపుతూ పైకి పంపుతాయి. 4,096 ప్రాసెస్‌లున్నా ఇద్దరిద్దరు కలిసే చెట్టులో 12 అంతస్తులే కాబట్టి ఇది చాలా పొదుపుగా కనిపిస్తుంది. ఆ పొదుపు అంతస్తుల లెక్కలోనే ఉంది. కలపడం వల్ల ట్రేస్ తగ్గదు గనుక చిట్టచివరి అంతస్తులో మొత్తం బైట్లన్నీ ఒకే వేరు నోడ్ తలుపు గుండా పోవలసిందే. చెట్టు ఎంత అందంగా ఉన్నా ఆ తలుపు వెడల్పు పెరగదు. తరువాతి పరిశోధనలో సగం ఈ ఒక్క గమనింపు నుంచి పుట్టిందే అనవచ్చు.

ముగింపులో సేకరించే పద్ధతికి మరో బలహీనత ఉంది, అది నిత్యం అనుభవంలోకి వచ్చేది. స్లర్మ్ వంటి జాబ్ షెడ్యూలర్ గడువు దాటిన జాబ్‌కు మొదట ఆగమని సంకేతం పంపి, సాధారణ అమరికలో 30 సెకన్లు చూసి, ఆపైన బలవంతంగా చంపేస్తుంది. అలా చచ్చిన జాబ్ ఎంపీఐ ఫైనలైజ్ దాకా రానేరాదు కాబట్టి, గంటల తరబడి మెమరీలో పోగైన ట్రేస్ అంతా దానితోపాటే పోతుంది. నెమ్మదిగా నడిచిన జాబ్‌కే గడువు దాటుతుంది, నెమ్మదిగా నడిచిన జాబ్‌కే ట్రేస్ కావాలి. ఈ వైరుధ్యాన్ని సాధనాల కరదీపికలు తగినంత గట్టిగా చెప్పవు.

మెమరీలో దాచుకోవడానికైనా హద్దు ఉంటుంది. ట్రేస్ కోసం ముందుగా కేటాయించిన చోటును బఫర్ అంటారు; యూరప్, అమెరికా బృందాలు కలిసి నిర్మించిన స్కోర్-పి అనే సాధనంలో మార్చకుండా వదిలేస్తే ప్రాసెస్‌కు దక్కేది సుమారు 16 మెగాబైట్లు. పైన చూపిన వేగంతో అది నిమిషం పైచిలుకులో నిండిపోతుంది. నిండాక దాన్ని డిస్క్ మీదికి ఖాళీ చేయాలి, ఆ ఖాళీ చేసేంతసేపూ ఆ ప్రాసెస్ తన అసలు పని ఆపుతుంది, దాని సందేశం కోసం చూస్తున్న పొరుగు ప్రాసెస్‌లు కూడా ఆగుతాయి, చివరికి ట్రేస్‌లో కనిపించే పెద్ద ఆలస్యం ట్రేస్ తెచ్చిపెట్టిన ఆలస్యమే అవుతుంది. పోనీ బఫర్‌ను పెంచుదామంటే ఆ మెమరీ లెక్కకు దక్కకుండా పోతుంది: ముందు నుయ్యి, వెనక గొయ్యి. కొలత వల్లనే కొలవబడేది మారిపోవడాన్ని ఈ రంగంలో విక్షోభం అంటారు; దానికి గణిత నమూనాలు కట్టి ట్రేస్ నుంచి ఆ ప్రభావాన్ని తీసివేసే ప్రయత్నం మలోని, రీడ్, వైస్‌హాఫ్ 1992లో చేశారు. నేపథ్యంలో వేరే సహాయక ప్రాసెస్‌ను పెట్టి నిదానంగా పంపించడం సహజంగా తోచే ఉపాయమే గాని, దాని వెల ఎంతో లాస్ అలమోస్‌లోని ఏఎస్‌సీఐ క్యూ యంత్రం ముందే చెప్పింది. 8,192 ప్రాసెసర్లున్న ఆ యంత్రం ఆశించిన వేగం ఎందుకు ఇవ్వడం లేదో పెట్రినీ, కెర్బిసన్, పాకిన్ 2003లో వెతికినప్పుడు, నోడ్‌లలో అడపాదడపా మేల్కొనే చిన్నచిన్న వ్యవస్థాగత ప్రాసెస్‌లే దోషులుగా తేలాయి. నోడ్‌లోని నాలుగు ప్రాసెసర్లలో ఒకదాన్ని లెక్కకు వాడకుండా వదిలేస్తే పెద్ద జాబ్‌లు వేగంగా నడిచాయి. ట్రేస్‌ను మోసుకుపోయే సహాయక ప్రాసెస్ కూడా అలాంటి నిద్రాభంగమే కాబట్టి, దానికంటూ ఒక కోర్‌ను విడిగా కేటాయించలేనప్పుడు ముగింపు దాకా ఆగడమే మేలు.

డిస్క్ మీద రాయడమంటే ప్రతి ప్రాసెస్‌కు ఒక ఫైల్ అన్నది అందరికీ మొదట తట్టే ఆలోచన. బార్సిలోనా వారి ఎక్‌స్ట్రే ఈ తోవలోనే ప్రాసెస్‌కొక మధ్యంతర ఫైల్ రాసి, తరువాత తీరిగ్గా వాటిని ఒక పారావెర్ ఫైల్‌గా కలుపుతుంది. వందల ప్రాసెస్‌ల దాకా దీనికి సాటి లేదు. కాని 2009లో యూలిష్‌లో నెలకొన్న యూజీన్ అనే బ్లూ జీన్/పి యంత్రంలో 2,94,912 కోర్లుండేవి. అన్ని ఫైళ్ళను ఒకే డైరెక్టరీలో ఒకే క్షణాన తెరవాలనుకుంటే ఫైళ్ళ పేర్లు, చిరునామాలు చూసే మెటాడేటా సర్వర్ ముందు ప్రాసెస్‌లన్నీ వరుసకట్టి నిలబడతాయి. ఒక్క బైటు ట్రేస్ రాయకముందే నిమిషాలు కరిగిపోతాయి. అదే ఏడు అదే కేంద్రం నుంచి వచ్చిన సియాన్‌లిబ్ ఈ చిక్కును తెలివిగా విప్పింది: ప్రోగ్రామ్‌కు మాత్రం ప్రాసెస్‌కొక ఫైల్ ఉన్నట్టే కనిపిస్తుంది, డిస్క్ మీద కొద్ది ఫైళ్ళే ఉంటాయి, ఒక్కొక్క ప్రాసెస్ వాటా ఫైల్ వ్యవస్థ దిమ్మెల (బ్లాక్‌ల) హద్దుల దగ్గర మొదలవుతుంది గనుక ఇద్దరు ఒకే దిమ్మె తాళం కోసం పోటీపడరు.

ఇంతవరకు చెప్పిన పద్ధతులన్నీ ట్రేస్‌ను ఒక చోటికి చేర్చడాన్ని లక్ష్యంగా ఒప్పుకున్నవే. ఆ లక్ష్యాన్నే పక్కన పెట్టినది యూలిష్ బృందం నిర్మించిన స్కాలాస్కా. దీని దృష్టిలో ట్రేస్ ముక్కలను కలపనవసరం లేదు. లెక్క ఎన్ని ప్రాసెస్‌లతో నడిచిందో అన్నే విశ్లేషక ప్రాసెస్‌లను అదే యంత్రంలో మళ్ళీ లేపి, ఒక్కొక్కదానికి దాని ముక్క అప్పగించి, అసలు ప్రోగ్రామ్ పంపుకొన్న సందేశాలనే మరోసారి పంపుకోనిస్తే చాలు. ఈసారి సందేశంలో అసలు డేటాకు బదులు పంపినవారి సమయముద్ర ప్రయాణిస్తుంది. అందుకున్న ప్రాసెస్ దాన్ని తన సమయంతో పోల్చి, తాను ఎదురుచూసిన కాలంలో ఎంత భాగం అవతలివారి ఆలస్యం వల్ల కలిగిందో లెక్కగడుతుంది. ఇలా తేలిన అంకెలు మాత్రమే పోగై బయటికి వస్తాయి. దఫ్తరాలు కచేరీకి రావడం మాని, అధికారులే ఊరూరా మకాం వేసి లెక్క చూసి ఫలితం రాసుకుపోయినట్టు! ఈ పద్ధతి యూజీన్ మొత్తం మీద నడిచిందంటే దాని సత్తా తెలుస్తుంది; అయితే విశ్లేషణకు కూడా అంత పెద్ద యంత్రమే కొంతసేపు కావాలి గనుక ఖర్చు మాయం కాలేదు, లెక్క నడిచే సమయం నుంచి ఆ తరువాతి సమయానికి జరిగింది. వాంపిర్ సర్వర్ రూపం కూడా ఇదే దిక్కున నడిచింది: ట్రేస్ పెద్ద యంత్రం దగ్గరే ఉంటుంది, విశ్లేషకుడి తెరకు ఆ క్షణాన కావలసిన బొమ్మ మాత్రమే వస్తుంది. తెర అడ్డంగా రెండు మూడు వేల చుక్కలకు మించదు కాబట్టి అంతకన్నా సన్నని వివరాన్ని ముందే మోసుకురావడం వృథా అన్న సరళమైన తర్కం దీని వెనక ఉంది.

మరో పాయ దారిలోనే సరుకును కుదించేది. చెట్టు వేరు దగ్గర తలుపు ఇరుకన్న సమస్యకు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రాత్, ఆర్నాల్డ్, మిల్లర్ 2003లో ఇచ్చిన జవాబు ఎంఆర్‌నెట్. ఇందులో చెట్టు మధ్య కొమ్మల్లోని ప్రాసెస్‌లు కింది నుంచి వచ్చినదాన్ని ఉన్నదున్నట్టు పంపవు. కూడికో, గరిష్ఠమో, సమూహాలుగా విభజించడమో చేసి ఫలితాన్నే పైకి పంపుతాయి. దీని మీద కట్టిన స్టాట్ అనే సాధనం ఎక్కడో చిక్కుకొని కదలని ప్రోగ్రామ్‌లో ప్రతి ప్రాసెస్ ప్రస్తుతం ఏ ఫంక్షన్ పిలుపులో ఉందో తెచ్చి, ఒకే తీరున ఉన్నవాటిని ఒక గుంపుగా కడుతుంది. లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలలోని బ్లూ జీన్/ఎల్ యంత్రంలో 64 గణన నోడ్‌లకొక ఇన్‌పుట్-అవుట్‌పుట్ నోడ్ ఉండేది. స్టాట్ సేకర్తలు ఆ నోడ్‌లలో కాపురముండి రెండు లక్షలు దాటిన ప్రాసెస్‌ల సంగతి తెచ్చాయి. ఆ ప్రయత్నంలో బయటపడ్డ అడ్డంకులు పుస్తకాల్లో ఊహించనివి. గుంపులో ఎవరెవరున్నారో చెప్పే బిట్ల పట్టీని ప్రతి కొమ్మలోనూ మొత్తం జాబ్ పొడవున రాయడం వల్ల పట్టీలే బరువయ్యాయి. ఏ కొమ్మకు ఆ కొమ్మ కింది వారి పట్టీ మాత్రమే ఇచ్చి, చివరన సర్దుకోవలసి వచ్చింది. సేకర్తలన్నీ ఫంక్షన్ పేర్ల కోసం ప్రోగ్రామ్ ఫైల్‌ను ఒకే ఉమ్మడి డిస్క్ నుంచి ఒక్కసారిగా చదవబోవడం మరో ఇరుకు అయింది. ఆ ఫైల్‌ను ముందే దగ్గరికి చేర్చే ఏర్పాటు చేశాక గాని అది తీరలేదు. ట్రేస్ సేకరణలో బరువు ఎప్పుడూ ట్రేస్‌దే అయి ఉండదన్నమాట.

కుదింపులో అత్యంత సొగసైనది నార్త్ కరొలైనా స్టేట్ విశ్వవిద్యాలయం, లివర్‌మోర్ కలిసి చేసిన స్కాలాట్రేస్. శాస్త్ర గణనల్లో ఎక్కువ భాగం ఆవృత్తులే కాబట్టి, వెయ్యి సార్లు జరిగిన అదే పిలుపుల వరుసను ఒకసారి రాసి వెయ్యి సార్లు అని గుర్తు పెట్టుకోవచ్చు. ప్రాసెస్‌ల మధ్య సారూప్యం పట్టుకోవడంలో దీని చమత్కారం ఉంది: 57వ ప్రాసెస్ 58కి పంపిందని రాస్తే అది 91వ దాని రాతతో కలవదు, 'నా తరువాతివారికి పంపాను' అని రాస్తే ఇద్దరి రాతా ఒక్కటే అవుతుంది. అలా ప్రాసెస్‌లు పెరిగినా ట్రేస్ దాదాపు పెరగని స్థితి కొన్ని ప్రోగ్రామ్‌లకు సాధ్యమైంది. ఇందులో నష్టపోయేది కాలపు సూక్ష్మం. ప్రతి ఆవృత్తికి ఎంత పట్టిందన్నది విడివిడిగా మిగలదు, పంపిణీ గణాంకంగా మిగులుతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చే ఆలస్యాన్ని వేటాడేవారికి ఇది పనికిరాదు. బార్సిలోనా బృందం 2010లో మరో రాజీ చూపింది: లెక్క నడుస్తుండగానే చిన్న కాలఖండాన్ని తీసి, పోలికలున్న గణన భాగాలను గుంపులు కట్టి, స్వరూపం స్థిరపడిందనిపించాక ప్రతినిధిగా నిలిచే కొద్ది ట్రేస్‌ను మాత్రమే ఉంచుకోవడం.

బైట్లన్నీ క్షేమంగా వచ్చినా సేకరణ పూర్తయినట్టు కాదు, ఎందుకంటే ప్రతి నోడ్‌కు తన గడియారం తనది. స్ఫటిక గడియారం పది లక్షల్లో ఒక వంతు తప్పినా గంటకు 3,600 మైక్రోసెకన్ల తేడా వస్తుంది. నేటి సూపర్ కంప్యూటర్‌లో చిన్న సందేశం చేరడానికి పట్టేది ఒకటి రెండు మైక్రోసెకన్లు. అందువల్ల కలిపిన ట్రేస్‌లో సందేశం పంపకముందే అందినట్టు కనిపించడం మామూలే. కారణం కన్నా ముందు కార్యం రాకూడదన్న నియమాన్ని 1978లో లెస్లీ లాంపోర్ట్ స్పష్టంగా సూత్రీకరించాడు. ఆచరణలో ముందుగా రెండు నోడ్‌ల మధ్య సందేశం పోయివచ్చే కాలాన్ని కొలిచి, పోవడానికీ రావడానికీ సమానంగా పట్టిందనుకొని గడియారాల తేడా అంచనా కడతారు. 1989లో క్రిస్టియన్ వివరించిన పద్ధతి ఈ ఊహ మీదే నిలిచింది. జాబ్ మొదట్లో ఒకసారి, చివర ఒకసారి ఇలా కొలిచి మధ్యకాలాన్ని సరళరేఖగా సర్దుతారు. వేడికి గడియారం వేగం మారుతుంది గనుక రేఖ సరళంగా ఉండదు. మిగిలిపోయిన అపసవ్యతలను సరిచేయడానికి రాబెన్‌జైఫ్నర్ 1990లలో ప్రతిపాదించిన నియంత్రిత తార్కిక గడియారం, నియమం తప్పిన అందుకోలు సమయాన్ని ముందుకు జరిపి, ఆ జరుపుడును చుట్టుపక్కల ఘటనలకు మెల్లగా పంచుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి: చివరి కొలత జరగాలన్నా జాబ్ చివరిదాకా బతకాలి. మధ్యలో పోయిన జాబ్ ట్రేస్ దక్కినా దాని కాలరేఖ సగం ఊహ.

జాబ్ మధ్యలో పోవడమే ప్రధాన సందర్భమైనప్పుడు ఆలోచన తలకిందులవుతుంది. అన్నీ దాచి చివర తేవడానికి బదులు, ప్రతి నోడ్ తన ఇటీవలి గతాన్ని మాత్రమే వలయాకార బఫర్‌లో ఉంచుకొని, పాతదాని మీద కొత్తది రాసుకుంటూ, ఏదైనా జరిగినప్పుడే అప్పగిస్తుంది. విమానాల బ్లాక్ బాక్స్ పోలికతో దీన్ని ఫ్లైట్ రికార్డర్ పద్ధతి అంటారు. లినక్స్‌లో ఎల్‌టీటీఎన్‌జీ అనే ట్రేసర్ రెండు దారులూ ఇస్తుంది: రిలే అనే సేవ ద్వారా దూర యంత్రానికి ఎప్పటికప్పుడు ప్రవహింపజేయవచ్చు, లేదా బఫర్‌ను తిప్పుతూ ఉంచి అడిగినప్పుడు దాని నకలు తీయవచ్చు. బఫర్‌ను ప్రాసెస్‌లు పంచుకొనే మెమరీ ఫైల్‌లో ఉంచితే ప్రోగ్రామ్ కూలిపోయినా అందులోని రాత మిగులుతుంది, తరువాత తీసి చదవవచ్చు. నోడే కూలిపోతే మాత్రం ఆ ఫైల్ డిస్క్ మీదికి చేరి ఉంటేనే దక్కుతుంది.

ఇంటర్నెట్ సేవల ప్రపంచం ఇదే సమస్యకు వేరే కొసన మొదలుపెట్టింది. గూగుల్ 2010లో వివరించిన డాపర్ తొలి రూపంలో సగటున 1,024 అభ్యర్థనలకొకటే ట్రేస్ అయ్యేది. రాసిన చిట్టా స్థానిక ఫైళ్ళలో చేరి, అసలు సేవతో సంబంధం లేని దారిలో కేంద్ర నిల్వకు వెళ్ళేది. అందులో ఆలస్యపు మధ్యగతం 15 సెకన్ల లోపే ఉన్నా, కొన్ని సమయాల్లో చివరి ట్రేస్‌లు చేరడానికి గంటలు పట్టేదని ఆ రచయితలే ఒప్పుకున్నారు. ముందే ఎంపిక చేస్తే అరుదైన దోషం దొరకదు. 2023లో వచ్చిన హైండ్‌సైట్ ఆ ఎంపికను వెనక్కి జరిపింది: ప్రతి నోడ్ అన్నీ స్థానికంగా రాస్తుంది, ఎక్కడైనా దోష లక్షణం కనిపించినప్పుడు ఆ అభ్యర్థన ఏ నోడ్‌ల మీదుగా వెళ్ళిందో చెప్పే గుర్తులను పట్టుకొని, బఫర్‌లో దాని మీద కొత్తది పడకముందే తవ్వి తీస్తుంది. పెద్ద భాషా నమూనాల శిక్షణలో వాడే పైటార్చ్ కూడా ఇటీవల ఇదే నీతిని స్వీకరించింది. వేలాది జీపీయూలు కలిసి చేయవలసిన సమష్టి సంభాషణలో ఒకటి రాకపోయినా మిగిలినవన్నీ మౌనంగా ఆగిపోతాయి. ప్రతి ప్రాసెస్ తాను చేపట్టిన సమష్టి పిలుపులను చిన్న వలయ బఫర్‌లో ఉంచి, గడువు దాటగానే ఫైల్‌గా దించుతుంది. ఈ ఫైళ్ళన్నీ పక్కపక్కన పెడితే ఎవరు ఏ వరుస సంఖ్య దగ్గర ఆగారో కనిపిస్తుంది. సమష్టి పిలుపుల్లో వరుస సంఖ్యే గడియారం కాబట్టి, ఇక్కడ మైక్రోసెకన్ల తగాదా కూడా తప్పింది.

సాధారణ క్లస్టర్లలో, ఉదాహరణకు జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద ఐఐటీ హైదరాబాద్‌లో నెలకొల్పిన పరమ్ సేవ స్థాయి యంత్రాల్లో పనిచేసేవారికి, పైన చెప్పిన మహాయంత్రాల ఉపాయాలు అన్నీ అవసరం పడవు. కొద్ది వందల ప్రాసెస్‌ల జాబ్‌కు నోడ్ స్థానిక డిస్క్‌లోనో, మెమరీ ఫైల్ వ్యవస్థలోనో రాసి, చివర కొద్దికొద్దిగా ఉమ్మడి డిస్క్‌కు నకలు చేయడం చాలు. అయితే చాలా కేంద్రాల్లో జాబ్ ముగియగానే స్థానిక డిస్క్‌ను తుడిచేస్తారు గనుక, ఆ నకలు జాబ్ గడువులోపే జరిగేటట్టు గడువుకు ముందే సంకేతం పంపమని షెడ్యూలర్‌ను అడగాలి, ప్రోగ్రామ్ ఆ సంకేతాన్ని అందుకొని మర్యాదగా ముగియగలగాలి. ముందు ఒక చిన్న పరుగు ప్రొఫైల్‌గా నడిపి, లక్షల సార్లు పిలవబడే చిన్న ఫంక్షన్లను వడపోస్తే ట్రేస్ పదో వంతుకు తగ్గినా ఆశ్చర్యపోనక్కరలేదు. నిజానికి ఈ వడపోత దొరికిన చోట మిగిలిన యంత్రాంగమంతా రెండో స్థానానికి పోతుంది.

విద్యుత్తు పోయిన నోడ్, మెమరీ చెడిన నోడ్ మాత్రం ఏ పద్ధతికీ లొంగవు. వాటి బఫర్‌ను అడగడానికి అవతల ఎవరూ ఉండరు. అలాంటప్పుడు విశ్లేషకుడికి మిగిలే సాక్ష్యం పొరుగు నోడ్‌ల ట్రేస్‌లోనే ఉంటుంది: ఆ నోడ్ నుంచి చివరగా అందిన సందేశం వరుస సంఖ్య, దానికి పంపిన ఇంకా పూర్తికాని అభ్యర్థనలు, దాని కోసం మొదలై ముగియని ఎదురుచూపు నమోదు.